చరిత్ర రచన – దృక్పథం

గతంలో జరిగిన సంఘటనలు మారవు. వాటిని గురించిన రచన మాత్రం తరతరానికీ మారుతూనే ఉంటుంది. శాసనాలు, నాణేలు, ప్రభుత్వ పత్రాలు, కావ్యాలు, ప్రజల జ్ఞాపకాలు చరిత్రకు ఆధారాలు. అయితే ఆధారాలు తమంతట తాము మాట్లాడవు. చరిత్రకారుడు ప్రశ్నించినప్పుడే అవి సమాధానం చెబుతాయి. ఏ ప్రశ్న వేయాలో నిర్ణయించడంలో అతడు నమ్మిన సిద్ధాంతానికి, అతడు పుట్టి పెరిగిన సమాజపు విలువలకు ప్రధాన పాత్ర ఉంటుంది. కనుక చరిత్రను చదివేవారు చరిత్రకారుని దృక్పథాన్ని కూడా పరిశీలించడం అవసరం.

జేమ్స్ మిల్ 1817లో ప్రచురించిన బ్రిటిష్ ఇండియా చరిత్ర ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆయన ఎన్నడూ భారతదేశానికి రాలేదు. ఇక్కడి భాషలు ఆయనకు తెలియవు. అది లోపం కాదని, పైగా నిష్పాక్షికతకు తోడ్పడుతుందని ఆయన వాదించాడు. చట్టాలు, ఆచారాలు, విద్యలు ఎంత ప్రయోజనకరమో పరీక్షించి, ఒక సమాజం నాగరికతలో ఏ మెట్టుపై ఉన్నదో చెప్పవచ్చునని ఆయన విశ్వసించాడు. ఆ కొలబద్దకు భారతీయ సమాజం వెనుకబడినదిగా, బ్రిటిష్ పాలన అవసరమైనదిగా కనిపించింది. భారతదేశ చరిత్రను ఆయన హిందూ, మహమ్మదీయ, బ్రిటిష్ యుగాలుగా విభజించాడు. మొదటి రెండింటికి మతం పేరు, మూడవదానికి దేశం పేరు పెట్టడంలోని అసంగతి అనేకుల దృష్టికి చాలాకాలం రాలేదు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులకు శిక్షణనిచ్చే హెయిలీబరీ కళాశాలలో ఆ గ్రంథం పాఠ్యగ్రంథమైంది. పాలించబోయేవారు పాలితులను కళ్లారా చూడకముందే వారిని గురించి ఒక నిర్ణయానికి వచ్చి ఓడ ఎక్కారు. పుస్తకంలోని సిద్ధాంతం పరిపాలనలోకి ప్రవేశించే తీరు ఇది.

ఇటువంటి రచనలకు సమాధానంగా జాతీయోద్యమ కాలంలో వెలువడిన చరిత్రలు దేశప్రజలలో ఆత్మగౌరవాన్ని మేల్కొల్పాయి. ఆత్మగౌరవం పరిశోధనకు ఎంతటి ప్రేరణ కాగలదో సురవరం ప్రతాపరెడ్డి కృషి నిరూపిస్తుంది. నైజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరన్న ఆక్షేపణకు ఆయన ఆగ్రహంతో సరిపెట్టుకోలేదు. ఊరూరా ఉన్న కవుల వివరాలు సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించాడు. అభిమానం ప్రశ్నను లేవనెత్తింది. ఆధారాలు దానికి సమాధానం చెప్పాయి.

ఆయన అంతటితో ఆగలేదు. రాజుల వంశావళులు, దండయాత్రలే చరిత్ర అన్న భావనను కాదని, 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను వెలువరించాడు. పూర్వుల ఆహారం, వస్త్రాలు, ఆటలు, పండుగలు, వ్యాపారాలు, విశ్వాసాలు అందులో చరిత్ర విషయాలయ్యాయి. పాల్కురికి సోమనాథుని రచనలు, క్రీడాభిరామం, ఆముక్తమాల్యద వంటి కావ్యాలను ఆయన ప్రజాజీవితానికి సాక్ష్యాలుగా చదివాడు. అలంకారాలకోసం పండితులు చదివిన పద్యాలలో ఆయనకు అంగళ్లు, వంటలు, ఆటపాటలు కనిపించాయి. కావ్యాలు పాతవే, వాటిని చదివిన దృష్టి కొత్తది. సామాన్యుని జీవితం గౌరవింపదగినదన్న విలువ ఆ దృష్టికి మూలం. 1955లో ఆ గ్రంథానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

ఒకే సంఘటన భిన్న దృక్పథాలకు భిన్నంగా కనిపించడాన్ని మన్యం తిరుగుబాటు చరిత్రలో చూడవచ్చు. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో గిరిజనులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లపై దాడిచేసి ఆయుధాలు తీసుకుపోయారు. ఆ పోరాటం 1924 వరకు సాగింది. ఆంగ్లేయ ప్రభుత్వ పత్రాలకు అది పితూరీ, అంటే అణచివేయవలసిన అల్లరి. జాతీయవాద చరిత్రకారులకు అది స్వాతంత్ర్య సమరంలో ఒక ఉజ్జ్వల ఘట్టం, సీతారామరాజు మహావీరుడు. ఈ రెండవ దృష్టి న్యాయమైనదే. అయినా ఆయన వెంట నడిచిన గిరిజనుల స్వరం అందులో తగినంతగా వినిపించలేదు.

1982లో రణజిత్ గుహా సంపాదకత్వంలో సబాల్టర్న్ అధ్యయనాల తొలి సంపుటం వెలువడింది. అట్టడుగు ప్రజలు నాయకుల ప్రేరణకు లోనై నడిచేవారు మాత్రమే కారని, వారికి తమవైన ఆలోచనలు, రాజకీయాలు ఉన్నాయని ఆ చరిత్రకారులు భావించారు. ఆ సంపుటంలోనే డేవిడ్ ఆర్నాల్డ్ గూడెం, రంప ప్రాంతాల తిరుగుబాట్లను 1839 నుంచి 1924 వరకు ఒక పరంపరగా పరిశీలించాడు. అప్పుడు అటవీ చట్టాలు, పోడు వ్యవసాయంపై ఆంక్షలు, కల్లుపై పన్ను, ముఠాదారుల అసంతృప్తి వంటి కారణాలు ముందుకు వచ్చాయి. సీతారామరాజు రాకకు ఎంతో పూర్వమే మన్యం ప్రజలకు తిరుగుబాటు సంప్రదాయం ఉన్నదని స్పష్టమైంది. ఇందువల్ల ఆ వీరుని కీర్తి తగ్గలేదు. గాం గంటందొర, గాం మల్లుదొర వంటి సహచరుల స్థానం పెరిగింది. ఆ మల్లుదొరే స్వతంత్ర భారతంలో తొలి లోక్‌సభకు ఎన్నికైనాడన్న విషయం ఎందరికి తెలుసు?

స్త్రీల విషయంలో ఈ లోపం మరింత పెద్దది. 1951లో ముగిసిన తెలంగాణ సాయుధ పోరాటాన్ని గురించి పలు గ్రంథాలు వచ్చాయి. వాటిలో స్త్రీల త్యాగాలకు ప్రశంసలున్నా, వారి అనుభవాలకు చోటు తక్కువ. స్త్రీశక్తి సంఘటన సభ్యులు ఆ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను కలిసి, వారి మాటలను వారి నోటనే సేకరించి, 1986లో మనకు తెలియని మన చరిత్ర అన్న పుస్తకంగా ప్రచురించారు. దళాలలో వారు చూపిన ధైర్యంతోపాటు, పసిబిడ్డలతో అజ్ఞాతంలో గడిపిన కష్టాలు, పోరాటం ముగిశాక తిరిగి ఇంటికే పరిమితం కావలసివచ్చినప్పటి వేదన కూడా అందులో నమోదయ్యాయి. ఈ వివరాలు ఏ ప్రభుత్వ దస్తావేజులోనూ దొరకవు. స్త్రీలకు కూడా చరిత్ర ఉన్నదన్న విశ్వాసం లేకపోతే వారిని అడగాలన్న ఆలోచనే కలగదు. అడిగేవారు లేకపోతే ఆ తరంతోనే ఆ జ్ఞాపకాలు అంతరించేవి.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. దృక్పథాన్ని బట్టి చరిత్ర మారితే సత్యానికి విలువ ఏమున్నది? ఎవరికి తోచినది వారు వ్రాసుకోవచ్చునా? వ్రాసుకోరాదు. ప్రశ్నను ఎన్నుకునే స్వేచ్ఛ చరిత్రకారునికి ఉన్నది; సమాధానాన్ని కల్పించే స్వేచ్ఛ లేదు. గణితశాస్త్రవేత్త, మార్క్సిస్టు చరిత్రకారుడు అయిన డి.డి. కోశాంబి ఈ నియమానికి కట్టుబడిన మేధావి. ఉత్పత్తి విధానాల మార్పే చరిత్రకు ఆధారమని ఆయన నమ్మాడు. అయితే ఐరోపాలోవలె భారతదేశంలోనూ బానిస సమాజ దశ ఉండి తీరాలన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. అందుకు తగిన ఆధారాలు ఇక్కడ ఆయనకు కనిపించలేదు. ప్రాచీన నాణేలను తూచి, పల్లెలలో తిరిగి, గ్రామదేవతల ఆరాధనను పరిశీలించి ఆయన తన నిర్ణయాలను పరీక్షించుకున్నాడు. సిద్ధాంతం దీపం వంటిది. దారి చూపడం దాని పని. లేని దారిని సృష్టించడం దాని పని కాదు.

ఏ దృక్పథమూ లేకుండా వ్రాశానని చెప్పే చరిత్రకారుని విషయంలో మరింత జాగరూకత అవసరం. అతనికీ విలువలుంటాయి, వాటిని అతడు గుర్తించలేదు, లేదా చెప్పలేదు. తన దృష్టిని బహిరంగంగా ప్రకటించి, ఆధారాలను పాఠకుల ముందుంచి, తనకు ప్రతికూలమైన సాక్ష్యాలను సైతం దాచకుండా చూపేవాడే విశ్వసనీయుడు. దేశాభిమానమైనా, వర్గ చైతన్యమైనా, స్త్రీవాదమైనా ఈ పరీక్షకు నిలవవలసిందే.

నేటి విద్యార్థి చరిత్ర పుటను తెరిచినప్పుడు తేదీలు, పేర్లు గుర్తుంచుకోవడంతో తృప్తిపడరాదు. ఈ రచనలో ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరు మౌనంగా ఉన్నారు, ఆ మౌనానికి కారణం ఆధారాలు లేకపోవడమా, అడిగేవారు లేకపోవడమా అని ప్రశ్నించుకోవాలి. చరిత్రలో చోటు దక్కని ప్రజలకు వర్తమానంలోనూ గౌరవం దక్కడం కష్టం. సమాజం తన విలువలను విశాలం చేసుకున్నప్పుడల్లా చరిత్రలోకి కొత్త మనుషులు ప్రవేశించారు. రాజాస్థానాల నుంచి అంగళ్లకు, అడవులకు, వంటిళ్లకు సాగిన ఈ ప్రయాణం ఇంకా పూర్తికాలేదు. దానిని కొనసాగించే బాధ్యత రేపటి చరిత్రకారులైన నేటి విద్యార్థులదే.