రెండు డిగ్రీలున్నాయి, కుర్చీ ఏదీ?

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరారు. 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో ఆయన లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయారు. హార్వర్డ్ నష్టం కంపెనీకి లాభమైంది. అక్కడ ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతోనే డాక్టర్ సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో జబ్బును కొంతకాలమైనా అదుపు చేయగలిగారు.

శ్రీకాకుళం బిడ్డ వులిమిరి రామలింగస్వామిది మరో దారి. విశాఖలో ఎంబీబీఎస్, ఆక్స్‌ఫర్డ్‌లో డీఫిల్ చేసి స్వదేశానికి వచ్చేశారు. ఉప్పులో అయోడిన్ కలిపితే గాయిటర్ తగ్గుతుందని హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో సహచరులతో కలిసి నిరూపించారు. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. తర్వాత ఆయన ఎయిమ్స్ డైరెక్టరు, ఐసీఎంఆర్ అధిపతి అయ్యారు.

ఇద్దరూ డాక్టర్లే, ఇద్దరూ పరిశోధకులే. చదువు పూర్తయ్యాక కూర్చోబెట్టిన చోటే వాళ్ల దారిని నిర్ణయించింది.

అమెరికా ఈ సంగతి త్వరగానే గ్రహించింది. వైద్యం, పరిశోధన కలిపి నేర్పే ఎండీ-పీహెచ్‌డీ కోర్సులకు అక్కడి ప్రభుత్వం 1964 నుంచే డబ్బిస్తోంది. కోర్సుకే ఎనిమిదేళ్లు, ఆపైన రెసిడెన్సీ. సొంతంగా మొదటి పెద్ద గ్రాంటు చేతికొచ్చేసరికి నలభై దాటుతుంది. (మన ఇళ్లలోనైతే ఈలోగా పెళ్లి గురించి ఎన్నిసార్లు అడుగుతారో!) అయినా ఇలా చదివి శిక్షణ ముగించినవారిలో దాదాపు 80 శాతం మంది యూనివర్సిటీల్లో, పరిశోధన సంస్థల్లో, మందుల కంపెనీల్లోనే ఉన్నారు. వారంలో ఎక్కువ రోజులు ల్యాబు, మిగతా రోజులు రోగులు అనే లెక్కతో అక్కడ ఉద్యోగాలున్నాయి కాబట్టే నిలిచారు.

మన దగ్గర? 2005 నుంచి 2014 వరకు దేశంలోని 579 వైద్య సంస్థల లెక్క తీస్తే, 57 శాతం ఒక్క పరిశోధన పత్రమూ ప్రచురించలేదు. పీజీ థీసిస్ బైండింగ్ అయి బీరువాలో చేరడంతో చాలామందికి పరిశోధన ముగుస్తుంది. ఆ తర్వాత పొద్దున ఓపీ, సాయంత్రం ప్రాక్టీసు.

ఓపీ ముందు అంత క్యూ ఉంటే డాక్టర్లను ల్యాబులకు ఎలా పంపుతామని అధికారులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ గాయిటర్ రోగుల క్యూ తగ్గింది ఓపీ గదులు పెంచినందువల్ల కాదు, ఉప్పు మార్చినందువల్ల.

పరిశోధన చేసే డాక్టర్లకు ఫెలోషిప్పులిచ్చే ఇండియా అలయన్స్ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. కాలేజీ ఆ డాక్టర్లను ల్యాబుకు వదిలిపెట్టకపోతే ఆ డబ్బు ఏం చేసుకోవాలి? ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్‌లలో వారంలో సగం రోజులు ల్యాబుకేనని ఉత్తర్వులో స్పష్టంగా రాసి, ప్రాక్టీసు వదులుకున్నందుకు తగిన జీతం ఇచ్చే పోస్టులను రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ సృష్టించాలి. ముందు ఒక్కో ఆసుపత్రిలో నాలుగైదు ఇచ్చినా చాలు.