రశీదు లేని హక్కు

నిరుద్యోగ భృతి అనేది మన తెలుగు నేల మీద ఎన్నికల రుతువులో పుట్టి, ఫలితాలతోపాటే మాయమయ్యే మాట. 2018లో తెలంగాణలో నెలకు 3,016 రూపాయలన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 3,000 అన్నారు. చదువుకున్న యువత ఈ హామీలను గుర్తుపెట్టుకొని పాలకులను నిలదీస్తున్నది, నిలదీయవలసిందే. కానీ హామీగా కాదు, చట్టంగానే రెండు దశాబ్దాల కిందట పుట్టిన మరో నిరుద్యోగ భృతి ఉన్నది. దాని ఊసు మన విద్యార్థి సభల్లో వినిపించదు. ఎందుకంటే దానికి అర్హులు పట్టాలున్న నిరుద్యోగులు కారు. పలుగూ పారా పట్టిన వారి తల్లిదండ్రులు.

2005 నాటి జాతీయ గ్రామీణ ఉపాధి హామీ చట్టంలోని 7వ సెక్షన్ చెప్పేది చాలా సూటిగా ఉంటుంది. జాబ్ కార్డు ఉన్న కుటుంబం పని కావాలని దరఖాస్తు చేసుకున్న 15 రోజుల్లోగా పని చూపకపోతే, రాష్ట్ర ప్రభుత్వం నిరుద్యోగ భృతి చెల్లించాలి. మొదటి 30 రోజులకు రోజు కూలిలో నాలుగో వంతుకు, ఆ తరువాత సగానికి తగ్గకుండా ఇవ్వాలి. 2025–26లో రెండు తెలుగు రాష్ట్రాలకూ ప్రకటించిన రోజు కూలి 307 రూపాయలు. అంటే మొదటి నెల రోజుకు సుమారు 77 రూపాయలు, తరువాత 153 రూపాయల పైచిలుకు. భృతి బకాయి పడిన 15 రోజుల్లోగా చెల్లించాలనీ, చెల్లించలేకపోతే మండల స్థాయి ప్రోగ్రాం అధికారి విషయాన్ని జిల్లా అధికారికి నివేదించి కారణాలను నోటీసు బోర్డు మీద పెట్టాలనీ 7, 8 సెక్షన్లు ఆదేశించాయి. ఈ చట్టం కింద పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అయినా ‘కరువు పని’ తెలిసిన ఊళ్ళలో ‘కరువు పని భృతి’ తెలిసిన వారిని వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

ఇంత స్పష్టమైన హక్కు ఎందుకు చేతికి అందదు? నిధులు లేవనో, సిబ్బంది చాలరనో సమాధానం చెబుతారు. అసలు కారణం చట్టం నిర్మాణంలోనే ఉన్నది. కూలి డబ్బు కేంద్రం భరించింది. నిరుద్యోగ భృతిని మాత్రం రాష్ట్రాల మీద పెట్టారు. పని చూపకపోతే నీ జేబుకే చిల్లు అని రాష్ట్రాన్ని హెచ్చరించడమే దీని ఉద్దేశం. యంత్రాంగం ఆ చిల్లును తప్పించుకునే దారి త్వరగానే కనిపెట్టింది. దరఖాస్తు అందినట్లు తేదీ వేసిన రశీదు ఇవ్వకపోవడమే ఆ దారి. పని మంజూరైన రోజున, మస్టరు తీసే ముందు, కూలీల పేర్లతో ‘డిమాండు’ను కంప్యూటరులో ఎక్కిస్తారు. మన దగ్గర పని ఉన్నప్పుడే దరఖాస్తు పుడుతుంది! పని లేనప్పుడు దరఖాస్తే లేదు కనుక ఆలస్యమూ లేదు, భృతీ లేదు. లెక్కల్లో అడిగిన వారందరికీ సకాలంలో పని దొరికినట్లే ఉంటుంది.

నేను పాలమూరు ప్రాంతపు మాదిగవాడలో పుట్టినవాడిని. ఉపాధి కూలీలతో కలిసి దరఖాస్తులు రాసిన అనుభవం నాకు కొన్నేళ్ళుగా ఉన్నది. రెండేళ్ళ కిందట ఎండాకాలం ముందు మా వాడ ఆడవాళ్ళు పదిహేడు మంది సంతకాలు, వేలిముద్రలు వేసిన కాగితాన్ని ఒక కార్యాలయానికి తీసుకుపోయాము. ‘పని పెట్టినప్పుడు మేమే పిలుస్తం గదమ్మా, కాయితం ఎందుకు?’ అన్నాడు అక్కడి ఉద్యోగి. ఆ మాటలో కోపం లేదు, దయ ఉన్నది. ‘కాయితం తీసుకుంటే ముట్టినట్టు రాసియ్యి సారూ’ అని మా పెద్దమ్మ వరుస ఆమె అడిగిన తరువాతే ఆ దయ పోయింది. కాగితం తీసుకున్నారు, రశీదు ఇవ్వలేదు. ఆరు వారాల తరువాత పని మొదలైంది. ఆ ఆరు వారాలు ఏ రికార్డులోనూ లేవు.

ఆ ఆరు వారాలు ఎవరు ఎలా గడిపారన్న దగ్గరే ఇది కులం ప్రశ్న అవుతుంది. మా ఊళ్ళో మూడెకరాలున్న బీసీ కుటుంబానికీ జాబ్ కార్డు ఉన్నది. పని రాకపోతే వారికి ఇబ్బందే. కానీ వారికి పాడి ఉన్నది, పంట మీద అప్పు పుడుతుంది, దుకాణంలో ఖాతా నడుస్తుంది. గుంట భూమి లేని మాదిగ కుటుంబానికి మిగిలే దారులు రెండే. ఒకటి, పట్నానికో ముంబైకో మూట కట్టుకొని పోవడం. రెండు, ఊళ్ళోని భూస్వామి దగ్గర ముందుగా డబ్బు తీసుకొని, రేపటి నాట్లకూ కోతలకూ అతడు చెప్పిన కూలికే ఒప్పుకోవడం. ఉపాధి పని పల్లెల్లో తెచ్చిన పెద్ద మార్పు కూలి డబ్బు ఒక్కటే కాదు. ‘మీ చేన్లో ఈ రేటుకు రాము’ అనే మాట దళిత స్త్రీ నోట పలికించడం. భృతి ఎగ్గొట్టిన ప్రతిసారీ ఆ మాట వెనక్కి పోతుంది. ఆలస్యం అందరికీ ఒకటేనని నియమాలు చెబుతాయి. ఆలస్యానికి చెల్లించే ధర మాత్రం కులాన్ని బట్టి, భూమిని బట్టి మారుతుంది. ఈ పథకం కింద కల్పించిన పనిదినాల్లో మూడో వంతుకు పైగా దళిత, ఆదివాసీ కుటుంబాలవనీ, సగానికి పైగా స్త్రీలవనీ గుర్తుంచుకుంటే ఆ ధర ఎవరి తల మీద పడుతున్నదో వేరే చెప్పనక్కరలేదు.

పని దొరికాక కూడా నిరీక్షణ తీరదు. మస్టరు ముగిసిన 15 రోజుల్లో కూలి పడాలి. ఆ గడువు దాటితే రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. ఊరి భాషలో చెప్పాలంటే అది రూపాయిన్నర వడ్డీ. ఆరు రోజుల కూలి 1,842 రూపాయలు ఆగిపోతే రోజుకు దక్కే పరిహారం 92 పైసలు. అదే కూలి కుటుంబం బియ్యానికో మందులకో చేసే చేబదులుకు మూడు రూపాయల వడ్డీ కడితే, పరిహారం అందినా సగం నష్టమే. పైగా రాష్ట్ర స్థాయి జాప్యానికే పరిహారం లెక్కగట్టి, కేంద్రం నుంచి డబ్బు ఖాతాకు చేరే దశలోని జాప్యాన్ని వదిలేస్తూ వచ్చారు. ఆ జాప్యానికీ కూలీకి పరిహారం దక్కాలని స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు 2018 మేలో స్పష్టం చేసింది. తీర్పు వచ్చినా కూలీ ఖాతా తీరు మారలేదు.

2021లో కులమే నేరుగా చెల్లింపుల ఫైలులోకి వచ్చింది. కూలి చెల్లింపులను ఎస్సీ, ఎస్టీ, ఇతరులుగా విడదీయాలని ఆ ఏడాది మార్చిలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ రాష్ట్రాలకు సూచించింది. దళిత, ఆదివాసీ వర్గాలకు ఎంత నిధి చేరుతున్నదో లెక్క తేల్చడానికి అన్నారు. ఒకే గుంతలో మట్టి తీసినవారికి, ఒకే మస్టరులో సంతకం పెట్టినవారికి వేర్వేరు రోజుల్లో కూలి పడింది. ఒక వర్గానికి ముందు పడితే మరో వర్గం అనుమానంగా చూసింది. విమర్శలు వెల్లువెత్తాక అదే ఏడాది ఆ పద్ధతిని ఉపసంహరించుకున్నారు. లెక్కల కోసం కులాన్ని గుర్తించడం తప్పు కాదు. లెక్క తేలాల్సింది కాగితం మీద. ఇక్కడ ఆ భారాన్ని తట్ట మోసే కూలీల మధ్య పెట్టారు. జాప్యానికి కారకులు ఢిల్లీలో ఉండగా, తగాదా పని ప్రదేశంలో జరిగింది.

ఆ తరువాత సాంకేతికత వంతు వచ్చింది. 2023 జనవరి నుంచి రోజుకు రెండుసార్లు ఫోటోతో యాప్ హాజరు, 2024 జనవరి నుంచి ఆధార్ ఆధారిత చెల్లింపు తప్పనిసరి అయ్యాయి. సిగ్నల్ లేని గుట్ట మీద చేసిన పనికి హాజరు పడదు. కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు ఉంటే కూలి రాదు. ఆడబిడ్డ అత్తింటి పేరుకూ పుట్టింటి పేరుకూ మధ్య కూలి చిక్కుకుంటుంది. మట్టి పనిలో వేలి రేఖలు అరిగిన చేతిని బ్యాంకు మిత్ర యంత్రం గుర్తించదు. శ్రమ చేసిన చేయే శ్రమకు రుజువు కాకుండా పోవడం కంటే విషాదం ఏముంటుంది?

అవినీతిని అరికట్టాలంటే ఇవన్నీ తప్పవని కొందరు మిత్రులు వాదిస్తారు. దొంగ మస్టర్లు లేవని నేననను. వాటిని బయటపెట్టింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఊరి నడుమ జరిగిన సామాజిక తనిఖీలు. అక్కడ కూలీ ప్రశ్నించేవాడు, అధికారి జవాబు చెప్పేవాడు. యాప్ వచ్చాక అధికారి అడుగుతున్నాడు, కూలీ రుజువు చూపుకుంటున్నాడు. పారదర్శకత పేరిట అనుమానం దిశ మారింది.

2025 డిసెంబరులో పార్లమెంటు 2005 చట్టం స్థానంలో కొత్త చట్టాన్ని ఆమోదించింది. 100 రోజులు 125 అయ్యాయి, సంతోషమే. కానీ కూలి ఖర్చులోనూ 40 శాతం చాలా రాష్ట్రాల మీద పడింది. భృతి భారం ఎటూ రాష్ట్రాలదే. దరఖాస్తును దాచిపెట్టాలన్న కోరిక ఇకపై పెరుగుతుందే గానీ తగ్గదు. నాట్లు, కోతల కాలంలో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపే ఏర్పాటూ అందులో ఉన్నది. రైతుకు కూలీలు దొరకాలన్నది వాదన. కూలీ బేరమాడగలిగిన ఆ కొద్ది రోజుల్లోనే అతడి చేతిలోని ప్రత్యామ్నాయాన్ని తీసేస్తే లాభపడేది ఎవరో పల్లె తెలిసినవారికి విడమర్చనవసరం లేదు.

ఉపాధి లేనివాడికి ప్రాథమిక హక్కులు ఏపాటి ఉపయోగమన్న ప్రశ్నను 1947లోనే ‘రాష్ట్రాలు–మైనారిటీలు’ అన్న పత్రంలో డాక్టర్ అంబేద్కర్ లేవనెత్తారు. ఆకలి భయంతో హక్కులను వదులుకునే స్థితి గురించి ఆయన హెచ్చరించారు. నిరుద్యోగంలో ప్రభుత్వ సహాయం పొందే హక్కును రాజ్యాంగం 41వ అధికరణలో ఆదేశిక సూత్రంగా ఉంచింది. దానికి చట్టబద్ధమైన రూపం ఇచ్చిన అరుదైన సెక్షన్‌ను మనం ఇరవై ఏళ్ళలో చేజేతులా చచ్చిన అక్షరంగా మార్చుకున్నాం.

చేయవలసినది అసాధ్యమైనదేమీ కాదు. ప్రతి గ్రామ పంచాయతీలో పని దరఖాస్తుల రిజిస్టరు గోడ మీద కనిపించాలి. తేదీ వేసిన రశీదు ఇవ్వని ఉద్యోగిపై చర్య ఉండాలి. 15 రోజులు దాటిన దరఖాస్తుకు ఎవరూ అడగకుండానే భృతి జమ కావాలి. జాప్య పరిహారం ఊరి వడ్డీకి తగ్గకుండా ఉండాలి. పనుల విరామ కాలాన్ని ప్రకటించే ముందు కూలీల గ్రామసభ అభిప్రాయం తీసుకోవాలి.

విద్యార్థి మిత్రులారా, హామీ ఇచ్చిన మూడు వేల కోసం మీరు చేసే ఉద్యమం న్యాయమైనదే. దానితోపాటు సెలవులకు ఇంటికి పోయినప్పుడు మీ అమ్మ జాబ్ కార్డు తెరిచి చూడండి. వాడకట్టులో పది మందిని కూర్చోబెట్టి దరఖాస్తు రాయండి, రెండు ప్రతులు తీయండి, రెండో ప్రతి మీద తేదీ, ముద్ర, సంతకం వేసేదాకా కార్యాలయం మెట్లు దిగకండి. ఆ చిన్న కాగితం చేతికొచ్చిన రోజు నుంచే ప్రభుత్వానికి గడువు మొదలవుతుంది. ఇన్నాళ్ళూ ఎదురుచూపు కూలీల వంతు అయింది. ఇకనైనా రోజులు లెక్కపెట్టుకోవడం పాలకుల వంతు కావాలి.