జేజి ముత్యాలు - జీన్సు ప్యాంటు

పోయిన ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో ముత్యాలవాన కురిసింది! వాన చినుకు కోసం మొగులు వైపు చూసి చూసి మెడలు పట్టేసే అనంతపురంలో ఇదేం విడ్డూరం అంటారా? అయితే వినండి.

మా అక్క కూతురికి బెంగుళూరులో ఉద్యోగం. రెండు రోజులు సెలవు దొరికితే చాలు, బస్సెక్కి వాళ్ళవ్వ దగ్గరికి వచ్చేస్తుంది. వాళ్ళవ్వ అంటే మా అమ్మే. ఆ రోజు బీరువా సర్దుతానని కూచుని, అడుగు అరలో పాత పట్టుచీరల కింద ఒక గుడ్డమూట పట్టింది. విప్పితే మా జేజి ముత్యాల సరం! నీలం జీన్సు ప్యాంటు, చేతులు మడిచిన తెల్ల నూలుచొక్కా, కాళ్ళకు కాన్వాసు బూట్లు... ఆ వేషం మీదే సరం వేసుకుని అద్దం ముందు నిలబడి "ఎట్లుంది చిన్నమ్మా?" అంది.

నిజం చెప్పొద్దూ, నాకు మాట రాలేదు. అంత బాగుంది. పెళ్ళిళ్ళలో కాసులపేరు కింద, నెక్లెసు పక్కన, జరీ అంచు మెరుపులో ఎక్కడో నలిగిపోయే సరం అది. తెల్లచొక్కా మీద ఒంటరిగా నిలబడేసరికి ఒక్కో గింజా కనబడుతోంది. జొన్నగింజంతవి కొన్ని, కందిగింజంతవి కొన్ని. ఒక్కటీ సరిగ్గా గుండ్రంగా లేదు. అదే దాని అందం.

మా అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసింది.

"ఏంటికి తీసినావు పాపా దాన్ని? టవర్ క్లాక్ కాడికి కూరగాయలకు పోయేకి ముత్యాలు కావల్నా? పెండ్లికి ఏసుకునేది పెండ్లికే ఏసుకోవల్ల. తియ్!"

పిల్ల ఉలిక్కిపడి కొక్కెం లాగింది. ఎన్నేళ్ళ దారమో, పుటుక్కున తెగింది. నాపరాళ్ళ మీద టపటపా టపటపా... అదండీ మా ఇంటి ముత్యాలవాన!

ముగ్గురం నేల మీద కూలబడి ఏరడం మొదలుపెట్టాం. "అరవై మూడుండాల" అంది అమ్మ. మంచం కింద, తలుపు సందులో, రోటి పక్కన వెతికినా అరవై రెండే దొరికాయి. ఏరుతూనే పిల్ల తన వాదన వినిపించింది. ఈ కాలం పిల్లలు కదా, సాక్ష్యాలు సెల్‌ఫోనులో ఉంటాయి. అమెరికా ఉపాధ్యక్షురాలిగా చేసిన కమలా హారిస్ ఫొటో చూపించింది. 2020 ఎన్నికల ప్రచారంలో ఆమె కాన్వాసు బూట్లేసుకుని, మెడలో ముత్యాలతో తిరిగారు. 2021 జనవరి 20న ఆమె ప్రమాణస్వీకారం చేసినప్పుడు ఎందరో ఆడవాళ్ళు అభిమానంతో అవే బూట్లు, అవే ముత్యాలు వేసుకున్నారు. "ఆయమ్మ తల్లిది మన పక్కన మద్రాసే అవ్వా!" అని కూడా కలిపింది.

ఆ మాటకొస్తే ఇది కొత్త ఫ్యాషనూ కాదు. పారిస్ నగరంలో కోకో షానెల్ అనే ఆవిడ 1920ల్లోనే ఈ పని చేసింది. రాణులు విందులకు వేసుకునే ముత్యాలను పగటిపూట మామూలు అల్లిక జాకెట్ల మీద, నల్ల గౌన్ల మీద పేటలు పేటలుగా వేసుకుంది. అసలువీ నకిలీవీ కలిపేసి మరీ వేసింది! మగవాళ్ళూ తక్కువ తినలేదు. 2019లో న్యూయార్కు మెట్ గాలాకి పాటగాడు హ్యారీ స్టైల్స్ ఒక్క చెవికి ముత్యం వేలాడదీసుకుని వచ్చాడు. మన రాజుల, నవాబుల పటాలు చూసినవాళ్ళకు అందులో వింతేముంది? మన మగమహారాజులు మెడనిండా ముత్యాలు దిగేసుకున్నవాళ్ళే!

మన సీమ సంగతే తీసుకోండి. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి ఉత్సవాల్లో అంతఃపుర స్త్రీలు బంగారం, రత్నాలు, ముత్యాల బరువుకు నడవలేకపోతుంటే పక్కవాళ్ళు చేతులు పట్టుకుని నడిపించారని రాశాడు. 1565 యుద్ధం తర్వాత ఆ రాజ్యానికి రాజధాని అయింది మన పెనుకొండే. ఇక ముత్యం మనకు కొత్తదెలా అవుతుంది?

కానీ మనం చేసిందేమిటి? ముత్యాన్ని మాటల్లో పెట్టుకున్నాం. ముత్యాల్లాంటి పళ్ళు, ముత్యాల్లాంటి అక్షరాలు! సినిమా పేర్లలోనూ పెట్టుకున్నాం. బాపుగారి 'ముత్యాల ముగ్గు' (1975), విశ్వనాథ్‌గారి 'స్వాతిముత్యం' (1986) మీకు గుర్తే కదా! మెడలో మాత్రం ఏడాదికొక్కరోజు. నలుపు తెలుపు సినిమాల కాలంలో తెర మీద బంగారం బూడిదరంగులో తేలిపోయేది, ముత్యం మాత్రం తెల్లగా వెలిగేది. మన తాడిపత్రి ప్రాంతం నుంచి వెళ్ళిన కె.వి.రెడ్డిగారి 'మాయాబజార్' (1957) ఈసారి చూసేటప్పుడు ఏ నగ ముందు కంటికి తగులుతుందో గమనించండి. 2010లో వచ్చిన రంగుల కాపీ కాదు, పాతదే చూడండి.

ఇవన్నీ నేను చెబుతుంటే అమ్మ విననట్టే ఉండి, ముత్యాలు పళ్ళెంలో వేస్తూ ఒక్కసారిగా అంది:

"మీ జేజి ఈ సరం పెండ్లికి ఏసుకోలేదు మే. కరువు పనికి ఏసుకుని పోయినాది."

నేను నోరు తెరిచాను. సగం కథ నాకు తెలుసు. నా చిన్నప్పుడు ఒక ఏడు శెనక్కాయ చేను ఊడలు దిగకుండానే ఎండిపోయింది. ఇంట్లో బంగారమంతా కుదువ అంగడికి పోయింది. కాసులపేరు, కమ్మలు, చివరికి తాళిబొట్లు కూడా. జేజి మెడలో పసుపుతాడు మిగిలింది. ఈ సరానికి అప్పట్లో ముందు బంగారు పతకం ఉండేది. అంగడాయన పతకం కోసి తూకం వేసుకుని, ముత్యాలు వెనక్కి ఇచ్చేశాడు. బంగారానికైతే తూకం ఉంది, రేటు ఉంది. ముత్యాలకు అప్పు ఇవ్వనన్నాడు. కుదువ పెట్టినవేవీ మళ్ళీ ఇంటికి రాలేదు. ఇంతవరకే నాకు తెలుసు.

తెలియని సగం అమ్మ చెప్పింది. మరుసటి వారం ఊరి బయట చెరువు పూడిక తీసే కరువు పని మొదలైంది. అత్తాకోడళ్ళు ఇద్దరూ గంపలెత్తుకుని పోయారు. జేజి పాత నేతచీర కట్టుకుని, మెడలో ఈ ముత్యాల సరం వేసుకుని బయల్దేరింది. గట్టు మీద ఆడవాళ్ళు నవ్వారు. "దొరసాని ముత్యాలేసుకుని మన్ను మోసేకొచ్చింది సూడండ్రే!" అన్నారు. మా అమ్మకు తలెత్తుకోలేనంత సిగ్గయింది. ఇంటికొచ్చాక "ఏంటికత్తా అది?" అని అడిగేసింది. జేజి గంప దించి, చెమట తుడుచుకుని ఒకటే మాట అందట:

"కరువు వచ్చింది చేనుకు. నా మెడకు రాలేదు."

పని నడిచినన్నాళ్ళూ రోజూ అట్లే పోయింది. మొదటి వారం నవ్వినవాళ్ళే తర్వాత, సరం లేకుండా వస్తే "యాడమ్మా ముత్యాలు?" అని అడిగేవాళ్ళట.

మా అమ్మ ఈ సంగతి ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదు? సిగ్గుపడి. మన్ను మోసిన సిగ్గు. అందుకే జేజి పోయాక ఆ సరాన్ని పెళ్ళి నగ చేసేసింది. పట్టుచీరల కింద దాచేసింది. కరువు వాసన పోవాలని కాబోలు! పిల్ల మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని "అయితే నూలుచీర మీద ముత్యాలు మొదలుపెట్టింది మా జేజమ్మేనన్నమాట!" అంది. మా అమ్మ నవ్వుతుందో ఏడుస్తుందో తెలియకుండా ముఖం తిప్పుకుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ముత్యాలు బీరువాలో పెట్టి కాపాడుతున్నాం అనుకుంటాం. నిజానికి చంపుతున్నాం! ముత్యంలో పిసరంత తడి ఉంటుంది. మన సీమ పొడిగాలిలో, ఇనుప బీరువాలో, బ్యాంకు లాకర్లో ఏళ్ళ తరబడి పెడితే ఆ తడి ఆరిపోతుంది. మెరుపు మసకబారుతుంది, సన్నని పగుళ్ళు పడతాయి. నిజాం నవాబుల నగలు 173 రకాలను 1995లో భారత ప్రభుత్వం సుమారు 218 కోట్లకు కొన్నది. వాటిలో బస్రా ముత్యాల ఏడుపేటల హారం ఉంది, సత్లడా అంటారు. దాన్ని ప్రభుత్వం కాపాడుకుంటుంది, సరే. మన జొన్నగింజంత ముత్యాలకు ఆ భోగం దేనికి? మెడ మీద ఉంటేనే వాటికి ఊపిరి.

స్వాతి కార్తెలో వానచినుకు ఆల్చిప్పలో పడితే ముత్యమవుతుందని మన పెద్దలు చెప్పిన కథ. వాన కోసం మొహం వాచిన మనకు ఎంత తియ్యటి కథ! అసలు సంగతేమిటంటే, ఆల్చిప్పలోని మెత్తటి ఒంటిలోకి ఏదైనా దూరి ఇబ్బంది పెడితే, అది దాని చుట్టూ పొర మీద పొర కడుతుంది. ఆ పొరలే ముత్యం. జపానులో మికిమోటో అనే ఆయన 1893లో ఆల్చిప్పలో ముత్యాన్ని పెంచి చూపించాడు. తర్వాత పెంపుడు ముత్యాలు మార్కెట్‌ను ముంచెత్తి, రాణుల నగ గుమాస్తా గారి అమ్మాయికీ అందింది. చైనా మంచినీటి ముత్యాలైతే మరీ చవక.

ఆ పొరలు సున్నపు జాతివి. అంటే ముత్యమూ ముగ్గుపిండీ దగ్గర చుట్టాలే! అందుకే పులుపంటే పడదు. నిమ్మకాయ పిండేటప్పుడు, చింతపండు పిసికేటప్పుడు ముత్యాల ఉంగరం తీసి పక్కన పెట్టండి. పౌడరు, సెంటు, తలనూనె అన్నీ అయ్యాక చివర ముత్యాలు వేసుకోండి. ఇంటికి రాగానే ముందు అవే తీయండి. తడిపి పిండిన మెత్తటి గుడ్డతో చెమట తుడిచి, ఆరాక నూలుసంచిలో విడిగా పెట్టండి. బంగారు నగలతో కలిపి పెడితే గీతలు పడతాయి. రోజూ వేసుకునే సరానికి రెండేళ్ళకోసారి పట్టుదారం మార్పించండి. ఒక్కో ముత్యానికీ మధ్య ముడి వేయించండి. ముడులుంటే దారం తెగినా ఒక్క ముత్యమే పోతుంది. మాకు ఆ తెలివి లేకపోబట్టే కదా నాపరాళ్ళ మీద వాన కురిసింది! అసలుదో నకిలీదో తెలియాలంటే రెండు ముత్యాలు ఒకదానికొకటి మెల్లగా రుద్దండి. సన్నగా గరగరమంటే అసలుది. నున్నగా జారిపోతే అనుమానించండి.

ఎలా వేసుకోవాలంటారా? సూత్రం ఒక్కటే. ముత్యం ఉన్నచోట ఇంకో నగ వద్దు. నేతచీర మీద ఒక్క పేట చాలు. చొక్కా అయితే మెడగుండీ ఒకటి వదిలి, కాలరు లోపలి నుంచి సరం కనబడీ కనబడనట్టు ఉండనివ్వండి. పొడుగు దండ ఉంటే మణికట్టుకు రెండు మూడు చుట్లు చుట్టండి. పాత చెంపసరాలు మూలపడి ఉంటే జడ మొదట్లో తురమండి. గుట్టపూసల హారం అంచు నుంచి ఊడిన చిన్న ముత్యాలు పారేయకండి. సన్న గొలుసులో ఒక్కటి వేలాడదీసుకుంటే కాలేజీకి కూడా పోవచ్చు. వంకరటింకర ముత్యాలు దొరికితే మరీ మంచిది. జీన్సు మీదికి గుండ్రటివాటికన్నా అవే నప్పుతాయి. కొనలేనివాళ్ళు గాజు ముత్యాలు వేసుకున్నా తప్పులేదు. షానెల్ దొరసానికే లేని చిన్నతనం మనకెందుకు?

"దొంగల భయం" అంటారా? ఉంది, కాదనను. కానీ దొంగా, కుదువ అంగడాయనా ఇద్దరూ ముందు వెతికేది బంగారాన్నే! అమ్మితే డబ్బు రాదు కాబట్టే జేజి ముత్యాలు మా ఇంట్లో మిగిలాయి. బంగారం కష్టానికి ఆదుకుంటుంది, మంచిదే. ముత్యం ఎందుకూ ఆదుకోదు. మనకు మనం బాగున్నామని అనిపించడానికి తప్ప ఇంకెందుకూ పనికిరాదు. కరువులో ఆ ఒక్కటీ చిన్న విషయమంటారా?

సరం గుచ్చించాం. అరవై రెండు ముత్యాలు, మధ్యలో ముడులు. సాయంత్రం బెంగుళూరు బస్సుకు బయల్దేరుతుంటే మా అమ్మే తెచ్చి మనవరాలి మెడలో వేసింది, ఆ చొక్కా మీదే. "బస్సులో నిద్రపోతే జాగ్రత్త" అని మాత్రం అంది.

మర్నాడు పొద్దున పాలపాకెట్టుకు వీధిలోకి వెళుతున్న అమ్మ చెవుల వంక చూసి ఆగిపోయాను. ఎప్పుడో తన పెళ్ళినాటి ముత్యాల కమ్మలు! నేను చూస్తున్నానని తెలిసి గడపలో ఆగింది.

"ఎట్లుండాయి మే?" అంది.

ఇంకేం చెప్పను? మీరు కూడా ఈ వారం బీరువా అడుగు అర ఒకసారి వెతకండి. ఏం దొరికిందో నాకు ఉత్తరం రాయండి. అరవై మూడో ముత్యం కోసం మేమింకా వెతుకుతూనే ఉన్నాం!