గోడ దాటిన బ్యాక్టీరియా

లూపస్ బారిన పడేవారిలో పదింట తొమ్మిది మంది మహిళలే. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే, కంచే చేను మేసినట్లు, చర్మం మీద, కీళ్ల మీద, మూత్రపిండాల మీద పడుతుంది. ఎందుకిలా అంటే జన్యువులు, హార్మోన్లు కొంతవరకే జవాబు చెబుతాయి. మిగతాది పరిశోధకులు పేగుల్లో వెతుకుతున్నారు.

ఈ వెతుకులాటలో గట్టి ఆధారం 2018లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. లూపస్ లాంటి జబ్బు పుట్టుకతోనే పొంచి ఉండే ఎలుకలను మార్టిన్ క్రీగెల్ బృందం పరిశీలించింది. ఎంటరోకాకస్ గాలినారమ్ అనే బ్యాక్టీరియా వాటి పేగు గోడ దాటి, లింఫు గ్రంథులు, కాలేయం, ప్లీహం దాకా చేరింది. అక్కడ దానికేం పని? అది చేరిన ఎలుకల్లో సొంత కణాల మీదే దాడిచేసే యాంటీబాడీలు పెరిగాయి. ఆ ఒక్క బ్యాక్టీరియా మీద టీకా వేస్తే యాంటీబాడీలు తగ్గాయి, ఎలుకలు ఎక్కువ కాలం బతికాయి. కొందరు లూపస్ రోగుల కాలేయం ముక్కల్లోనూ దాని ఆనవాళ్లు దొరికాయి. అంతమాత్రాన నేరమంతా బ్యాక్టీరియాదే అనలేం. దారి ఇచ్చిన గోడ సంగతీ తేలాలి.

రోగనిరోధక వ్యవస్థే ఒంటి మీద పడే మరో జబ్బు, కీళ్లవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) కథ ఇంకా చిక్కు. ఆ జబ్బు కొత్తగా బయటపడి, చికిత్స మొదలుకాని రోగుల్లో 75 శాతం మందికి ప్రీవోటెల్లా కోప్రి అనే పేగు బ్యాక్టీరియా ఉందని, ఆరోగ్యవంతుల్లో 21 శాతానికే ఉందని 2013లో న్యూయార్క్ పరిశోధకులు ప్రకటించారు. అయితే అన్నం, పప్పు, కూరగాయలు ఎక్కువగా తినే మన దేశంలో ప్రీవోటెల్లా ప్రజాతి బ్యాక్టీరియా ఆరోగ్యవంతుల పేగుల్లోనే దండిగా ఉంటుంది. వాళ్లందరికీ కీళ్లు వాచిపోవడం లేదు కదా! న్యూయార్క్ లెక్కతో హైదరాబాద్ రోగి రిపోర్టు చదివితే బోల్తా పడటం ఖాయం. మన రోగుల మీద, మన తిండి మీద పెద్ద అధ్యయనాలు జరగాలి. వాటికి డబ్బు పెట్టాల్సింది ప్రభుత్వమే.

మార్కెట్‌కు అంత ఓపిక లేదు. పేగు బ్యాక్టీరియా పరీక్షలు, ప్రోబయోటిక్ పొడులు అప్పుడే అమ్మకానికొచ్చేశాయి. పెరుగు, మజ్జిగ నిక్షేపంగా తీసుకోండి. అవి తిండి, లూపస్‌కు మందు కాదు. పొడి డబ్బా కొన్నామన్న ధైర్యంతో లూపస్‌కు డాక్టర్లు ఇచ్చే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రను మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆపకండి.