మహాసముద్రమును వినువారి ప్రణాళిక

ఢిల్లీ నగరమున 1990వ సంవత్సరమున సుష్మిత్ సేన్ అను గిటారు వాద్యకారుడును, అశీమ్ చక్రవర్తి అను తబలా వాద్యకారుడును కలిసి నెలకొల్పిన ‘ఇండియన్ ఓషన్’ అను సంగీతబృందమును అభిమానించి, దాని పాటలను క్యాసెట్ల కాలమునుండి నేటివరకు విడువక వినుచు, వానిని గూర్చి తమలో తాము తెగని వాదములు సాగించుచు వచ్చిన మేము, ఆ వాదములలో తేలినవేవో తేలనివేవో ఒకచోట వ్రాసిపెట్టుకొనుట మేలని తలచి ఈ ప్రణాళికను ప్రకటించుచున్నాము. మాలో కొందరు హైదరాబాదు కళాశాలల ఉత్సవములలో నిలుచుండి విన్నవారు. కొందరు ఉద్యోగమునకై ఢిల్లీ చేరి అచటి చలిలో శాలువలు కప్పుకొని విన్నవారు. ఒకరిద్దరు సంగీతశాస్త్రము చదివినవారును లేకపోలేదుగాని, వారి మాటకు తక్కినవారి మాటకంటె ఎక్కువ తూకము ఉండవలెనన్న నియమము మాకు లేదు.

మొట్టమొదట మేము ఒప్పుకొనవలసిన సంగతి యేమనగా, ‘పాత ఇండియన్ ఓషన్’ అని మాలో పెక్కుమంది నిట్టూర్చి తలచుకొను ధ్వని మొదటినుండి అట్లే ఉన్నది కాదు. 1993లో హెచ్.ఎం.వి. వారు వెలువరించిన తొలి ఆల్బమును నేడు విన్నచో, సుష్మిత్ తీగల సవ్వడి పరిచితమైనదే యైనను, దాని చుట్టును తాళవాద్యములు అల్లుకొను తీరు ఇంకను కుదుటపడలేదని ఎట్టివారికైనను తెలిసిపోవును. 1991లో రాహుల్ రామ్ బాసు గిటారుతోను, 1994లో మునుపటి డ్రమ్ముల వాద్యకారుని తావున అమిత్ కిలామ్ డ్రమ్ములతోను వచ్చి చేరిన పిమ్మటగాని మనమెరిగిన నలుగురి కూటమి ఏర్పడలేదు. 1997లో వచ్చిన ‘డెజర్ట్ రెయిన్’ స్టూడియోలో సరిదిద్ది కూర్చినది కాదు. వీధినాటకకారుడైన సఫ్దర్ హాష్మీ స్మృత్యర్థము ఢిల్లీలో జరిగిన సభలో వాయించుచుండగా పట్టిన ముద్రణ. ‘కందీసా’ 2000లో వచ్చెను. అనగా మనము మూలరూపమని ప్రమాణము చేయు ధ్వని బృందము పుట్టిన పదేండ్లకు, మూడవ ఆల్బమునాటికి, డ్రమ్ముల పీటమీది మనిషి మారిన తరువాత కుదిరినది. కావున మార్పును ద్రోహమని పిలుచుటను మేము నేటితో మానుకొనుచున్నాము. ఇరువదేండ్ల ప్రాయమున విన్నది మూలమని తోచుట మన చెవుల చరిత్రయేగాని బృందము చరిత్ర కాదు.

ఐనను, కుదిరిన ఆ ధ్వని ఎట్టిదో చెప్పక దాటిపోవుట న్యాయము కాదు. సుష్మిత్ గిటారును పాటకు అడుగున పరచు ఆధారముగా మాత్రము వాడలేదు. సితారులో ఝాలా సాగునపుడు చికారీ తీగలు ఎడతెగక మ్రోగుచుండ నడుమ రాగము నడచు పోకడను ఆయన తన గిటారులోనికి తెచ్చుకొని, ఒకే చేతి ఊపులో శ్రుతిని, లయను, స్వరసంచారమును మూటిని పట్టినిలిపెను. అశీమ్ తబలాముందు కూర్చుండి వాయించుచునే గొంతెత్తి పాడెడివారు. అందువలన ఆయన ఊపిరి తీసికొను తావులును చేతిదెబ్బలు పడు తావులును ఒకదానికొకటి ముడివడియుండెడివి, పాట ఎచట నిలుచునో తబలా ముందే ఎరిగియుండెడిది. ఇక ఒకే వేదికపై తబలాయు డ్రమ్ములును కలిసి మ్రోగుట వినువారికి సంబరముగాని వాయించువారికి సంకటము. డ్రమ్ములు ఒక్కింత చెలరేగినచో తబలా మాట ఎవరికిని వినబడదు. అమిత్ కిలామ్ ప్రతిభ ఆయన వాయించిన దెబ్బలలోకంటె మానుకొన్న దెబ్బలలో ఎక్కువగా కానవచ్చునని మాలో ఒక మిత్రుడు వాదించగా, మా సభలలో అపురూపముగా, అందరును ఒప్పుకొనిరి. బెంగాలు బాఉల్ గాయకులు చంకన ఇరికించుకొని తీగను బిగించుచు సడలించుచు వాయించు గబ్‌గుబీని ఆయన చేపట్టినప్పుడు ఆ చిన్న వాద్యము ఒక్కొక దెబ్బను సాగదీసి పలికించుటయు, రాహుల్ బాసు దాని క్రింద బరువుగా అడుగులు వేయుటయు వినినవారికి, ఈ కూర్పు విడివిడి ముక్కలను అతికించినది కాదని ఎవరును చెప్పనక్కరలేదు.

‘కందీసా’ పాటను గూర్చి వేరుగా ఒక మాట. కేరళదేశపు సిరియను క్రైస్తవులు తరతరములుగా పాడుకొనుచు వచ్చిన అరామిక్ భాషాప్రార్థన యది. మాలో క్రైస్తవులు ఇద్దరే ఉన్నారు, అరామిక్ తెలిసినవారు ఒక్కరును లేరు. ఐనను ఆ పాట మొదలుకాగానే గదిలోనివారందరు మాట చాలించుట మేము పలుమార్లు చూచితిమి. పరమాత్ముని పవిత్రుడని పిలుచు ఆ పిలుపును గాయకులు తొందరలేక సాగదీయుదురు. వాద్యములు చాలసేపటివరకు దానికి దారి ఇచ్చి ప్రక్కన నిలుచుండి, పిమ్మట ఒక్కొకటిగా వచ్చి కలియును. మతమును గౌరవించుటకు మృదువుగానే వాయించవలెనన్న భయము ఆ నలుగురికి లేదు. పాట చివరకు వచ్చుసరికి గొంతులు పూర్తిగా విచ్చుకొనును. ఈ ధైర్యమును మేము బృందముయొక్క ప్రథమగుణముగా గణించుచున్నాము.

ఈ గుణము ఎచటినుండి వచ్చినది? మా సమాధానము ఒక ఇంటి చిరునామా. కరోల్ బాగ్‌లో 16/330, ఖజూర్ రోడ్డు అను పాత బంగళాలో వీరు ఏండ్లతరబడి కూర్చుండి సాధన చేసిరి. పాట ఒకరు వ్రాసి తెచ్చి తక్కినవారికి పంచిపెట్టునది కాక, ఒకరు మొదలుపెట్టిన చిన్న తునకను మరియొకరు లాగి, ఇంకొకరు కాదని, వాదులాడి, వదలివేసి, మరల ఎత్తుకొని నెలలకొలది నలిపినపిమ్మట తేలునది. తేలిన పాట బృందమంతటి కూర్పుగానే వెలువడెడిది. 2010లో జైదీప్ వర్మ తీసిన ‘లీవింగ్ హోమ్’ అను చిత్రమును చూచినవారికి ఆ గదియు, ఆ మనుష్యుల హాస్యమును, పరస్పరము భిన్నములైన వారి స్వభావములును కన్నులకు కట్టును. కార్నెల్ విశ్వవిద్యాలయమున విషపదార్థశాస్త్రమున డాక్టరేటు పొంది వచ్చి నర్మదా బచావో ఆందోళనలో తిరిగిన రాహుల్‌కును, మాటకంటె తీగనే నమ్ముకొన్న సుష్మిత్‌కును ఒకే పాట నచ్చుటకు ఎంత కాలము పట్టునో ఊహించుకొనవచ్చును. ఆ కాలమే పాటలోనికి దిగినది. కావున మా విశ్వాసము ఒక ధ్వనియందుగాని నలుగురి పేర్లయందుగాని కాక, ఈ పనితీరునందు నిలిచియుండునని ప్రకటించుచున్నాము. బృందము ఎప్పుడైనను త్వరపడి, ఒకరి అభిరుచికే అందరు తలయూపి పాట కట్టినదని మాకు తోచినచో, అందులో మేమెరిగిన పాతవారెందరున్నను, దానిని మెచ్చుకొను బాధ్యత మాకు లేదు.

సినిమా సంగీతమును గూర్చి ఎక్కువ చెప్పము. 1993 బొంబాయి ప్రేలుళ్లను గూర్చి అనురాగ్ కశ్యప్ తీసిన ‘బ్లాక్ ఫ్రైడే’కు వీరు కూర్చిన ‘బందే’, పీయూష్ మిశ్రా రచన, వీరిని ఎన్నడు విననివారికిని వీరి పేరు తెలిపినది. 2015లో ‘మసాన్’ పాటలును మాకు ప్రియములే. ఐనను సభలో కొత్తపాట నడుచుచుండగా వెనుకనుండి ‘బందే, బందే’ అని కేకలు వేయు అలవాటును మా సభ్యులు మానవలెను. వారు ఎట్లును దానిని వాయింతురు; మనము అరవకున్న ఇంకను బాగుగా వాయింతురు.

ఇక దుఃఖకరమైన అంశము. 2009 డిసెంబరు 25వ తేదీన అశీమ్ చక్రవర్తి మరణించెను. మరుసటి ఏట బృందము తమ సాధనగృహము చిరునామానే పేరుగా పెట్టి, ‘16/330 ఖజూర్ రోడ్డు’ ఆల్బమును నెలకొక పాట చొప్పున, ఎవరివద్దను పైసా పుచ్చుకొనక, అందరికిని విడుదల చేసెను. అశీమ్ జీవించియుండగా పాడిన పాటలవి. నెలనెలయు ఆయన గొంతు మరియొక్కసారి కొత్తగా వచ్చుచుండెను. ఆయన తావున బృందము ఒకరిని కాక ఇద్దరిని తెచ్చుకొన్నది: పాడుటకు హిమాంశు జోషి, తబలాకు తుహీన్ చక్రవర్తి. ఇందు మాకు తోచిన భేదము స్పష్టము. గొంతు చేతులనుండి విడివడినది; అందుచేత అది ఎత్తులకు ఎగయగలుగుచున్నది, ఆలాపనలో నిలువగలుగుచున్నది; దానితోపాటు, ఒకే దేహమున ఊపిరియు దెబ్బయు పెనవేసికొనుటచే కలిగిన పాత బిగువు పోయినది. లాభమును నష్టమును రెండును యథార్థములే. ఒకదానిని చూపి మరియొకదానిని కప్పిపుచ్చువారు మా సభలో మాటాడవచ్చునుగాని తీర్మానములు వ్రాయరాదు. చనిపోయినవారిని కొలబద్దగా చేసి బ్రతికియున్న గాయకుని కొలుచుట మాత్రము మేము నిషేధించుచున్నాము. ఎదుట నిలుచుండి పాడుచున్న మనిషి ఆ పోలికకు బదులు చెప్పలేడు.

2013లో సుష్మిత్ సేన్ బృందమును విడిచి వెడలెను; నిఖిల్ రావు గిటారు చేపట్టెను. ఇచట మేము మర్యాదకొరకు నిజమును తగ్గించి చెప్పము. ఈ వెలితి అశీమ్ వెలితికంటె ధ్వనిలో ఎక్కువగా వినబడుచున్నది, ఏలనగా గొంతులు బృందములో మొదటినుండి పెక్కులున్నవిగాని ఆ గిటారు ఒక్కటే. నిఖిల్ వాయించు గిటారు సాగదీసిన స్వరములతో, పదునైన ఎలక్ట్రిక్ నాదముతో, రాక్ సంగీతమునకు చేరువైనది. పాతపాటలను ఆయన వాయించునపుడు అచ్చముగా అనుకరింపక తన త్రోవ తాను పోవుట మేము మెచ్చుకొనుచున్నాము, ఏలనగా అనుకరించియున్నచో మనకు సుష్మిత్ నకలును దక్కక, నిఖిల్ అసలును దక్కక పోయెడిది. 2014లో ‘తందాను’ వచ్చెను. విశ్వమోహన్ భట్టు, శుభా ముద్గల్, శంకర్ మహదేవన్ మొదలైన ఘనులను అతిథులుగా పిలిచి చేసిన ఆ ఆల్బము ఉత్సవమువలె నిండుగా ఉన్నదిగాని, ఇల్లు మారిన తరువాతి మొదటి రోజులలోనే ఇంటినిండ చుట్టములను పిలిచినందున ఇంటివారు ఎట్లున్నారో మాకు సరిగా కానరాలేదు. ఆ కుతూహలము 2023లో ‘తూ హై’ వచ్చువరకు తీరలేదు. ఆ ఆల్బమును గూర్చి మాలో ఏకాభిప్రాయము లేదు. రెండుమూడు పాటలు నిలుచునని మాత్రము అందరును ఒప్పుకొనిరి.

ఈ పాటలలో ప్రజల గోడు ఉన్నదనుట మరువరాదు. ‘మా రేవా’ నర్మదాలోయ ప్రజలు తమ నదిని తల్లియని కొలుచు పాట. రాహుల్ ఆందోళనలో తిరుగుచు దానిని అచటినుండి తెచ్చెను. ఆ పాట ‘కందీసా’ ఆల్బములో వచ్చిన పదునేడేండ్లకు, 2017లో, ఆ ఆందోళన ఎదిరించిన సర్దార్ సరోవర్ ఆనకట్టకు ప్రారంభోత్సవము జరిగినది. పాట మిగిలినది, అది పుట్టిన పల్లెలలో ఎన్నో నీటి అడుగున కలవు. పోలవరపు ముంపు మండలములవారి మాట వినుచున్న మనకు ఇది దూరపు సంగతి కాదు. గోరఖ్ పాండే భోజపురిలో వ్రాసిన ‘హిల్లేలే’యును అట్టిదే, అది గంతులు వేయుటకు అనువైన పాటయే, వేయుడు, తప్పులేదు, ఐనను ఎవరి జెండా ఏ గాలికి కదలుచున్నదో తెలిసికొని వేయుడు. భాష రాని పాటకు అర్థము అడిగి తెలిసికొనుట మా సభ్యత్వమునకు ఏకైక ప్రవేశరుసుము.

మిగిలిన వివాదము ఒక్కటి. నేటి బృందమున స్థాపకులిద్దరిలో ఒక్కరును లేరు: ఒకరు మరణించిరి, ఒకరు వెడలిరి. బృందమునకు ‘ఇండియన్ ఓషన్’ అను పేరు సూచించినది సుష్మిత్ తండ్రిగారు. కొడుకు లేని బృందమునకు తండ్రి పెట్టిన పేరు చెల్లునా యని మాలో ఒక పక్షమువారు అడుగుచున్నారు. 1991నుండి రాహుల్, 1994నుండి అమిత్ విడువక మోసిన పేరు వారిది కాకపోవుట ఎట్లని రెండవ పక్షమువారు ఎదురు అడుగుచున్నారు. స్థాపించుట గొప్పదా, నిలుపుట గొప్పదా యను ఈ తగవును మేము ఓట్లచే తేల్చబోవుట లేదు. ఇంతమాత్రము తీర్మానించితిమి: మొదటి పక్షమువారు నేటి కచేరీలకు రాకపోయినను వారి సభ్యత్వము రద్దుకాదు; రెండవ పక్షమువారు టికెట్టు కొనియే కచేరీకి పోవలెను, 2010లో ఉచితముగా పుచ్చుకొన్న ఏడు పాటల బాకీ ఇంకను తీరలేదు గనుక. ఏటేటి సమావేశమున ఆల్బములను వచ్చిన వరుసలోనే వినవలెను, నడుమ దేనిని దాటవేయరాదు. 2011లో సుష్మిత్ తనకు తానుగా వెలువరించిన ‘డెప్త్స్ ఆఫ్ ది ఓషన్’ ఆ వరుసలో చేరునా లేదా యను ప్రశ్నను మొదటి పక్షమువారు లేవనెత్తగా, చేరునని రెండవ పక్షమువారే ముందుగా చేతులెత్తిరి. దానిని తెచ్చు భారము మొదటి పక్షమువారిది.