అరువు సైన్యానికి వడ్డీ కట్టింది రైతే

యుద్ధాల గురించి రాయడానికి రైతు సంఘం పత్రికే దొరికిందా, డీఏపీ ధర గురించి రాయొచ్చు కదా అని కొందరు మిత్రులు అడుగుతుంటారు. ఇది డీఏపీ గురించే. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడికి దిగింది. అప్పటికే పెరుగుతున్న ఎరువుల అంతర్జాతీయ ధరలను ఆ యుద్ధం ఇంకా పైకి ఎగదోసింది. 1,200 రూపాయల డీఏపీ బస్తా 1,350 అయింది. 2022-23లో దేశ ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లకు చేరింది. ఆ సబ్సిడీ సొమ్ము కూడా జనం కట్టిన పన్నులదే. ఎక్కడో తుపాకీ పేలితే జహీరాబాద్ చెరకు రైతు జేబుకు చిల్లు పడింది.

ఆ యుద్ధానికి కారణమేంటని అడిగితే రెండు జవాబులు వినిపిస్తాయి. నాటో సైనిక కూటమి రష్యా గుమ్మం దాకా రావడమే కారణమని ఒకరంటారు. 2014లో క్రిమియాను కలిపేసుకుని, దొనెట్స్క్, లుహాన్స్క్ వేర్పాటువాదులకు ఆయుధాలిచ్చిన రష్యాదే నేరమని ఇంకొకరంటారు. పొరుగు దేశం మీద దండెత్తడాన్ని ఏ కారణమూ సమర్థించదు. అయితే సైనిక కూటమి, విడిగా ఉంటానన్న ప్రాంతం, ఇరుగు పొరుగుల యుద్ధం ఎలా ముడిపడతాయో తెలుసుకోవడానికి అంత దూరం పోనక్కర్లేదు. ఈ మూడింటినీ మన నేల చూసింది.

ముందు కూటమి సంగతి. 1798లో నిజాం బ్రిటిష్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి అధికారుల కింద ఉన్న దళాలను రద్దు చేసి, కంపెనీ పటాలాలను హైదరాబాదులో పెట్టుకున్నాడు. వాటి ఖర్చు ఏటా 24 లక్షల రూపాయలకు పైనే. మరాఠాల నుంచి, మైసూరు నుంచి రక్షణ అన్నారు. రెండేళ్లు తిరిగేసరికి, 1800లో, ఆ సైన్యం ఖర్చు కింద బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను, కర్నూలులో కొంత భాగాన్ని కంపెనీకి రాసిచ్చాడు. దత్త మండలాలంటే అవే. ఆ ఊళ్ల రైతుల్ని ఎవరైనా అడిగారా? పొద్దున లేచేసరికి శిస్తు వసూలు చేసే దొర మారిపోయాడు.

అంతటితో ఆగలేదు. హైదరాబాద్ కంటింజెంట్ పేరుతో మరో సైన్యం ఖర్చు నెత్తిన పడింది. ఆ బాకీ కింద 1853లో పత్తి పండే బీరార్ నల్లరేగడి నేలలు బ్రిటిష్ వారి చేతికి పోయాయి. మిగిలిన రాజ్యంలో శిస్తు వసూలును గుత్తకిచ్చారు. గుత్తేదారు తన లాభం కలుపుకుని రైతు దగ్గర పిండుకున్నాడు. నిజాం గద్దె నిలిచింది, కంపెనీకి పైకమూ నేలా దక్కాయి. అరువు సైన్యానికి అసలూ వడ్డీ కట్టింది రైతు.

ఇక విడిగా ఉంటానన్న రాజ్యం సంగతి. 1947 జూన్‌లో నిజాం తాను ఇటు ఇండియాలోనూ అటు పాకిస్తాన్‌లోనూ చేరనని ప్రకటించాడు. రాజ్యంలోని రైతులు, కూలీలు ఏమంటున్నారో తెలుసుకోవాలని ఆయనకు తోచలేదు. తెలంగాణ పల్లెలు ఏమంటున్నాయో అప్పటికే తేలిపోయింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక వెట్టి వద్దని, దున్నేవాడికే భూమి కావాలని జనం తిరగబడ్డారు. దొరల గడీలను కాపాడటానికి ఖాసిం రజ్వీ రజాకార్లు పల్లెల మీద పడ్డారు. మన పక్కనే బీదర్ జిల్లా గోర్టాలో 1948 మేలో, అటు భైరాన్‌పల్లిలో అదే ఏడు ఆగస్టులో ఊచకోత కోశారు. మరోవైపు సిడ్నీ కాటన్ అనే వైమానికుడు కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. 1947 నవంబర్ 29న కుదిరిన యథాతథ ఒప్పందం కాగితం మీదే ఉండిపోయింది. బయటి అండ వస్తుందన్న భ్రమ ఉన్నంతకాలం పాలకుడు సొంత జనంతో మాట్లాడడు. 1798 నుంచి ఆ సంస్థానానికి అలవాటైన జబ్బు ఇది.

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. సోలాపూర్ వైపు నుంచి వచ్చిన ప్రధాన దళం నల్‌దుర్గ్, హుమ్నాబాద్ మీదుగా, మందుపాతరలు తొలగించుకుంటూ 16వ తేదీన మన జహీరాబాద్ దాటింది. మర్నాడు నిజాం లొంగిపోయాడు. ఈ ప్రాంత పెద్దలు దాన్ని ఇప్పటికీ పోలీస్ యాక్షన్ అనే అంటారు. నిజాం పాలన పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. ఆ తర్వాత జరిగిందేమిటన్నదే మన ప్రశ్న. నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువగా నష్టపోయిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. మన జహీరాబాద్ తాలూకా అప్పుడు ఆ జిల్లాలోదే. చనిపోయినవారిలో అత్యధికులు ముస్లింలు. రజాకార్లు చేసిన పాపానికి తుపాకీ ముఖం చూడని పేదలు బలయ్యారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటపెట్టలేదు.

మరి నిజాం ఏమయ్యాడు? ఏటా 50 లక్షల రాజభరణం పుచ్చుకుంటూ 1950లో రాజ్‌ప్రముఖ్ అయ్యాడు. 1949లో జాగీర్లు రద్దయితే జాగీర్దార్లకు పరిహారం ముట్టింది. రజాకార్లను అణచడానికి వచ్చిన సైన్యం మాత్రం వెనక్కి పోలేదు. భూమి పంచుకున్న రైతుల మీదికి తిరిగింది. 1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా ఆ వేట సాగింది. యుద్ధానికి కారకుడైన రాజుకు పింఛను, దానిలో నలిగిన రైతుకు లాఠీ, తూటా!

భాషలు, మతాలు వేరైన ఇరుగు పొరుగు ఎప్పటికైనా కొట్టుకు చస్తారని చెప్పేవాళ్లకు మన తాలూకానే జవాబు. 1956 నవంబర్ 1న, రాష్ట్రాల పునర్విభజన చట్టం కింద, నిర్ణా సర్కిల్ మినహా జహీరాబాద్ తాలూకా, బీదర్ తాలూకాలోని న్యాల్‌కల్ సర్కిల్, నారాయణఖేడ్ తాలూకా ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. బీదర్ మైసూరు రాష్ట్రంలోకి పోయింది. సరిహద్దు మన చెలకల మధ్య నుంచే పోయింది. ఒక్క తూటా పేలలేదు. తెలుగు, కన్నడ, ఉర్దూ, మరాఠీ మాట్లాడేవాళ్లం ఇవాళ్టికీ అటూ ఇటూ వియ్యమందుకుంటున్నాం, అల్లం, కందులు అమ్ముకుంటున్నాం. 2014 జూన్ 2న తెలంగాణ విడిపోయింది. బలిదానాలు జరిగాయి, జనం లాఠీలు తిన్నారు. అయినా రెండు రాష్ట్రాల మధ్య యుద్ధం రాలేదు. విడిపోతామనడం యుద్ధానికి కారణమైతే ఇక్కడా రావాలి కదా? ఎందుకు రాలేదంటే, కొట్లాడటానికి రోడ్డూ, ఓటూ, పార్లమెంటూ ఉన్నాయి. ఏ పక్షం వెనకా పరాయి సైన్యం లేదు.

యుద్ధం గీత దగ్గర పుట్టదు. జనాన్ని అడగకుండా సంతకాలు పెట్టే పాలకుల గదిలో పుడుతుంది. ఆయుధాల బేరం చేసేవాళ్లు దానికి నెయ్యి పోస్తారు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో నిమ్జ్ కోసం 12 వేల ఎకరాలకు పైగా భూమిని గుర్తించారు. 2022లో, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన ఏడాదే, అక్కడ రక్షణ పరికరాల కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. దేశానికి రక్షణ అక్కర్లేదని మనం అనడం లేదు. దాని పేరు చెప్పగానే పట్టాదారు నోరు మూసుకోవాలన్న వాదనను మాత్రం ఒప్పుకోం.

రైతు మిత్రులారా, సైన్యంలో చేరే కుర్రాళ్లలో ఎక్కువమంది మన ఇళ్ల నుంచే పోతారు. అందుకే రేపు ఏ టీవీలోనైనా, ఏ సభలోనైనా పొరుగువాడి మీద యుద్ధం చేయాలని కేకలు వినిపిస్తే మూడు ప్రశ్నలు అడగండి. ఒప్పందం మీద సంతకం ఎవరిది? పోయే భూమి ఎవరిది? బిల్లు ఎవరు కడతారు? మొదటి ప్రశ్నకు మన పేరు ఎప్పుడూ రాదు, మిగతా రెండింటికీ మన పేరే వస్తుంది. ఆ లెక్క సరయ్యేదాకా యుద్ధం గురించి మాట్లాడటం రైతు సంఘం పనే.