దోమలును మన యిండ్లును

వానకాలము ప్రవేశించిన కొలది దినములకే పాఠశాలలలో హాజరు తగ్గుట మనము ప్రతి సంవత్సరమును చూచుచున్న విషయము. కొందఱు మలేరియాతోను, కొందఱు డెంగీతోను మంచము పట్టుదురు. పిల్లవానికి చదువు పోవును. తండ్రికి కూలి పోవును. తల్లికి నిద్ర పోవును. కొన్ని యిండ్లలో ప్రాణమే పోవును. ఇంత నష్టమునకు మూలము గోరంతైనను లేని యొక పురుగు. దోమను గూర్చి క్రొత్తగా చెప్పవలసిన దేమున్నదని పాఠకు లనుకొనవచ్చును. నిజమే, దోమ పాఠము నెఱుగని విద్యార్థి లేడు. మా ఫిర్యాదు దానిని గూర్చియే. పరీక్షలో దోమ జీవితచరిత్రను పటముతో సహా వ్రాసి పదికి పది మార్కులు గైకొను బాలుని పెరటిరోటిలో, ఆ పటములోని పిల్లపురుగులే ప్రాణముతో నీదుచుండును. బడిలో నేర్చిన విద్య ఇంటి గడప దాటనిచో నది యెవరికి మేలు?

మన జనులలో దోమలను గూర్చి రెండభిప్రాయములు ప్రబలియున్నవి. దోమ మురుగుకాలువలో పుట్టును గావున దానిని చంపుట మునిసిపాలిటీవారి పని, పల్లెలలో పంచాయతీవారి పని అనునది మొదటిది. సాయంకాలము పొగవేసి తలుపులు మూసికొన్నచో మన విధి తీరినదనునది రెండవది. ఈ రెండును సగము సత్యములు. సగము సత్యమును నమ్మి యూరకుండుట చాల అపాయకరము.

దోమలన్నియు నొక్క తీరువి కావు. మురుగునీటిలో పుట్టునది క్యూలెక్సు జాతి. రాత్రివేళ కుట్టి, బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయునది యిదియే. మలేరియాను తెచ్చు అనాఫిలిసు జాతి తఱచుగా తేటనీటిని కోరును. గుంటలు, కాలువ యంచులు, వాడుకలో లేని బావులు, పట్టణములలో మూతలేని మేడమీది ట్యాంకులు దాని పుట్టిండ్లు. డెంగీని తెచ్చు ఏడిసు జాతి మఱియొక తీరుది. నల్లని కాళ్లపై తెల్లని పట్టెలుగల యీ దోమ పగటివేళ కుట్టును. ఇది మురుగుకాలువ జోలికి పోదు. మనము త్రాగుటకు, స్నానమునకు నిలువచేసికొన్న నీటిలోనే గ్రుడ్లు పెట్టును. సామాన్యముగా కొన్ని వందల గజములకు మించి యెగిరిపోదు. కావున మన బిడ్డను కుట్టిన డెంగీదోమ మన యింటనో, పొరుగింటనో పుట్టినదే యగును. ఊరివెలుపలి కాలువను నిందించుట నిరర్థకము.

దోమను గూర్చిన గొప్ప సత్యమొకటి మన నేలమీదనే బయటపడినది. 1897వ సంవత్సరము ఆగష్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు, మలేరియా రోగిని కుట్టిన దోమ కడుపును సూక్ష్మదర్శినిలో పరీక్షించి, అందు మలేరియా క్రిమిని కనుగొనెను. అందులకై యాతనికి 1902లో నోబెలు బహుమానము లభించెను. ఆ భవనము బేగంపేటలో నేటికిని నిలిచియున్నది. అంతవరకు చెడుగాలివలన వచ్చునని తలచిన జ్వరము దోమవలన వచ్చునని తేలుటకు దారి యేర్పడెను. మఱియొక సంగతి యిచట గమనింపదగినది. తన పరీక్షలకు వలసిన దోమల నాతడు నీటిలోని పిల్లపురుగులను తెచ్చి పెంచి సంపాదించెను. ఆతడు సీసాలలో శ్రమపడి పెంచినవానిని మనము గోలెములలో శ్రమలేకయే పెంచుచున్నాము!

ఇక పొగ మాట. వేపాకు పొగయు, సాంబ్రాణి పొగయు దోమలను కొంతసేపు తఱుమును, చంపవు. అంగడిలో కొన్న చుట్టలు మఱికొంత బలమైనవే గాని, తలుపులు మూసిన గదిలో రాత్రియంతయు ఆ పొగ పీల్చుట పసిబిడ్డలకు మేలుగాదు. వీధులలో చల్లు పొగమందు ఎగురుచున్న దోమలను చంపును. నీటిలోని పిల్లలను ముట్టదు. నాలుగు దినములలో అవియు రెక్కలు తొడిగికొని లేచును. మందులనే నమ్మినచో నేమగునో మన దేశచరిత్రయే చెప్పుచున్నది. 1953లో మలేరియా నివారణ ప్రణాళిక ప్రారంభమై ఇంటింట డీడీటీ చల్లగా, 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు దిగెను. పిమ్మట దోమలు ఆ మందునకు అలవాటుపడెను, మనుష్యులు ఏమఱిరి. 1976లో రోగులు అఱువది నాలుగు లక్షలకు పెరిగిరి. దోమలు మందునకు అలవాటుపడును గాని, నీరులేని చోట పుట్టుట కలవాటుపడజాలవు.

నీటిపాత్రలను కనిపెట్టుటవలన నేమగునని సందేహించువారు హవానా నగరమును తలచుకొనవలెను. క్యూబా ద్వీపములోని యా నగరమును ఎల్లో ఫీవరు అను మారకజ్వరము చిరకాలము పీడించెను. దానిని వ్యాపింపజేసినదియు మన డెంగీదోమయే. 1901లో గోర్గాసు అను వైద్యాధికారి మనుష్యులను ఇంటింటికి పంపి, నీటితొట్లకు మూతలు పెట్టించి, పిల్లపురుగులు కనబడిన యిండ్లవారికి జరిమానా విధించెను. ఆ సంవత్సరము ముగియకమునుపే హవానాలో ఆ జ్వరము అంతరించెను. ఆ పని నాడు చేయించినది ప్రభుత్వాధికారము. మన యిండ్లలో చేయించుటకు జరిమానా యెందుకు? తెలివి చాలదా?

చేయవలసిన పని కష్టమైనది కాదు. గ్రుడ్డు దోమయై యెగురుటకు ఉష్ణకాలములో ఇంచుమించు వారము, పది దినములు పట్టును. వారమున కొకమాఱు నీటిపాత్రల నన్నిటిని వంచి, తోమి, ఆరబెట్టినచో ఒక్క దోమయు పెద్దది కాజాలదు. తోముట ముఖ్యము. ఏడిసు దోమ గ్రుడ్లను నీటియంచున పాత్ర గోడకు అంటించిపెట్టును. అవి నీరు లేకయు నెలలకొలది బ్రతికియుండి, మరల నీరు తగులగానే పొదుగును. నీరు పారబోసి యూరకున్నచో సగము పనియే జరిగినట్లు. గోలెము, బాన, పూలకుండీ క్రింది పళ్లెము, కూలరు తొట్టి, ఫ్రిజ్ వెనుకనుండు పళ్లెము, పెరటిరోలు, కొబ్బరిచిప్పలు, పాత టైర్లు, కుడితితొట్టి, వీనిలో నేదియు మఱవరాదు. వంచుటకు వీలుగాని తొట్టికి మూతయో, బిగించి కట్టిన గుడ్డయో యుండవలెను. ఈగలకును ఈ నియమమే చాలును. పేడకుప్పలోను, క్రుళ్లిన చెత్తలోను పెట్టిన గ్రుడ్లు వారము పది దినములలో ఈగలగును. చెత్త వారము నిలువకున్న ఈగ లేదు. ఈగ లేకున్న, అన్నముపై వ్రాలి విరేచనములను, టైఫాయిడును పంచుటయు లేదు.

ఇచట నొక న్యాయమైన ఆక్షేపణ గలదు. కుళాయినీరు రెండుదినముల కొకమాఱు వచ్చు పేటలలో బీదలు నీరు నిలువచేయక యేమి చేయుదురు? వారిని తప్పుపట్టుట మా యుద్దేశము కాదు. నీటిని పారబోయుమని వారికి చెప్పుట క్రూరము. మూత వేయుమనియు, పాత్ర ఖాళీయైన దినమున తోముమనియు చెప్పుట ఉపకారము. నీరు సక్రమముగ నిచ్చుట, కాలువలను పారునట్లుంచుట మునిసిపాలిటీవారి విధి. అందులకై వారిని గట్టిగ నడుగుట పౌరుల విధి. అయితే మన గోలెమును మనము చూచుకొన్న పిమ్మట అడిగిన మాటకు బలము హెచ్చును.

మఱియొకటి చెప్పవలసియున్నది. ఈ పని యంతయు తల్లుల మీదను, ఆడపిల్లల మీదను పడవేయుట మన యిండ్లలో నాచారమైనది. నీరు తెచ్చునది వారు, తోమునది వారు. దోమలున్నవని విసుగుకొనునది మగవారు! ఇది తగదు. ఉన్నతపాఠశాలలో చదువు బాలుడు ఒక బానను వంచి తోమజాలడా? 2020లో తెలంగాణ పురపాలకశాఖవారు ప్రతి ఆదివారము పదిగంటలకు పదినిమిషములు ఈ పనికి వినియోగింపుడని ప్రజలను కోరిరి. ఆ వేళకు ఆరాధనకు పోవు కుటుంబములు శనివారము చేసికొనవచ్చును. దినమేదైనను నియమము తప్పరాదు.

డెంగీదోమ కుట్టునది పగలు. పగలు పిల్లలుండునది బడిలో. కావున పాఠశాల తన యావరణమును మొదట చక్కపెట్టుకొనవలెను. ప్రతి శుక్రవారము కడపటి గంటలో ఒక్కొక్క తరగతి వంతుచొప్పున ట్యాంకులను, పూలకుండీలను, వసతిగృహపు తొట్లను పరీక్షించి, చూచినదానిని పుస్తకములో వ్రాయవలెనని మా సూచన. ఆరోగ్యశాస్త్రమునకు అంతకంటె మంచి పరీక్షాపత్రము లేదు.

విద్యార్థులారా, ఈ సంచిక చేతబట్టుకొని యొకసారి మీ పెరటిలోనికి పోయి, రోటిలోనికి తొంగిచూడుడు. నీటిలో తలక్రిందుగా వ్రేలాడు పురుగులు కనబడినచో ఎవరిని పిలువ నక్కఱలేదు. రోటిని శుభ్రముగా తోమి, ఒక గోనెపట్ట కప్పి, పిమ్మట మిగిలిన పుటలు చదువుకొనవచ్చును.